పెంగ్విన్ జెండాకు పసుపు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణమంటూ ఒకటి ఉండనక్కర్లేదు. పొద్దున లేచి పళ్ళు తోముకున్నట్టే కోపం కూడా తెచ్చుకునేవాణ్ణి. రైలు రెండు నిమిషాలు ఆలస్యమైతే కోపం, సరిగ్గా సమయానికి వస్తే (అంటే నేను ఆలస్యమైతే) ఇంకా కోపం. జూన్‌లో కూడా స్వెట్టర్ వేసుకోవలసి వచ్చే ఈ దేశం మీద కోపం, స్వెట్టర్ వేసుకోలేదేమని అడిగేవాళ్ళ మీద కోపం. కరీంనగర్‌లో మావాళ్ళు నాకు చిన్నప్పుడే 'అగ్గిపెట్టె' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినందుకు కూడా కోపమే. ఇప్పుడు నలభై దగ్గరపడి, బీపీ మాత్ర రాసిచ్చే జీపీ డాక్టరు ఎదుట బుద్ధిమంతుడిలా తలూపి వచ్చే వయసులో, ఎవరైనా 'మీరు చాలా నెమ్మదస్తులండీ' అంటే నవ్వొస్తుంది. నెమ్మది నాకు పుట్టుకతో రాలేదు. ఒక పెంగ్విన్, ఒక పసుపు గిన్నె కలిసి నేర్పాయి. ఆ సంగతి పదమూడేళ్ళు కడుపులో దాచుకున్నాను. దాచుకోవడం ఎంత సిగ్గుమాలిన పనో చదివాక మీరే చెబుదురుగాని.

ఇంగ్లాండులో, కోవెంట్రీలో చదువు ముగించి, అప్లికేషన్ల మీద అప్లికేషన్లు పెట్టగా పెట్టగా, లండన్ పక్కన స్లౌ అనే ఊళ్ళో, ట్రేడింగ్ ఎస్టేట్ అనే పారిశ్రామికవాడలో వెనకవరస షెడ్డులో ఉన్న ఒక చిన్న కంపెనీ నన్ను తీసుకుంది. జెండాలు, బ్యానర్లు తయారుచేసే కంపెనీ అది. కంప్యూటర్‌లో బొమ్మలు సిద్ధం చేసి గుడ్డ మీద అచ్చువేసే మెషీన్లకు పంపడం నా పని. (మా బాపు ఊళ్ళో మాత్రం 'సాఫ్ట్‌వేర్' అనే చెప్పుకునేవాడు. అబద్ధమేమీ కాదు, సాఫ్ట్‌వేర్ లేకుండా జెండా ఎక్కడిది?) మా మేనేజరుకు నేను మనసులో పెట్టుకున్న పేరు 'నోవర్రీస్'. ఏం చెప్పినా ఆయన "నో వర్రీస్" అనేవాడు. ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ నాకు వర్రీ మొదలయ్యేది. ఎందుకంటే నాకు ఆరు నెలల ప్రొబేషన్. ఆ జూన్ నెలాఖరుకు ఆయన సంతకం పెడితే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే వీసా. పెట్టకపోతే కొద్ది వారాల్లో పెట్టె సర్దుకుని కరీంనగర్ బస్టాండ్‌లో దిగడమే.

ఉండేది రెండు రైలు స్టేషన్ల అవతల, మా పెద్దమ్మ ఇంట్లో. మా అమ్మకు సొంత అక్క. పెద్దబాపు బస్సు నడిపేవాడు, పెద్దమ్మ విమానాల్లో పెట్టే భోజనం ట్రేలు సర్దే కిచెన్‌లో పనిచేసేది. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఫ్రిజ్ మీద అంటించిన తన షిఫ్టుల పట్టిక మాత్రం ఎవరి సాయం లేకుండా చదువుకునేది. పొద్దున నాలుగింటి షిఫ్టుంటే మూడింటికే లేచి నా డబ్బా కట్టిపెట్టి వెళ్ళేది. శుక్రవారం వస్తే గడప ముందు ముగ్గు. ఒక మూల వేసి, దాన్నే అద్దంలో చూసినట్టు మిగతా మూడు మూలలకూ తిప్పేది. గీతకు గీత, చుక్కకు చుక్క. పక్కింటి ముసలాయన ఆ బియ్యప్పిండిని తోటలో నత్తలు రాకుండా చల్లే మందనుకుని, తన గడపకు కూడా కాస్త వేయమని అడిగాడు. పెద్దమ్మ సంతోషంగా వేసొచ్చింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ రోజుల్లో పెద్దమ్మ చేసే ఏ పని చూసినా నాకు తల కొట్టేసినట్టే ఉండేది. ఆమె వండింది మాత్రం మూడుసార్లు వడ్డించుకునేవాణ్ణి.

ఇక జెండా సంగతి. ఏప్రిల్‌లో ఒక పెద్దాయన తిన్నగా మా షెడ్డుకే వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచీ. అందులోంచి ఒక జెండా తీశాడు, అంటే జెండాలో మిగిలింది తీశాడు. చివరి పావు భాగం గాలికి పీలికలై పోయింది. దక్షిణ ధ్రువం దగ్గర బ్రిటన్ వాళ్ళు తమదని చెప్పుకునే మంచు నేల ఒకటుంది, దాని జెండా అట అది. ఈయన అక్కడి పరిశోధనా కేంద్రంలో వడ్రంగిగా రెండు చలికాలాలు గడిపాడు. (నేను ఆయనకు మంచుతాత అని పేరు పెట్టేశాను.) అప్పుడు తనతో ఉన్నవాళ్ళు ఏటా జూన్‌లో కలుస్తారట. భూమికి ఆ కొసన జూన్ అంటే నడి చలికాలం, సూర్యుడు కనపడని రోజులు, వాళ్ళకు అదే పెద్ద పండగ. ఆ పండగకు జెండా ఎగరేస్తారు. పాతది ఇక ఎగరదు. "మొదట పన్నెండుమందిమి. ఇప్పుడు ఐదుగురం. ఈసారి కొత్తది కావాలి" అన్నాడు. నోవర్రీస్ తన మాట తాను అన్నాడు. మా దగ్గర ఆ జెండా బొమ్మ పాత ఫైలు ఒకటుంది కానీ పెద్దది చేస్తే పెంగ్విన్ కాస్తా ఉప్పుబస్తాలా కనిపిస్తోంది. మొత్తం మళ్ళీ గీయమని నాకు అప్పగించారు.

గీయడం మొదలుపెట్టాక నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. ముందుగా, జెండా అంతా తెలుపు. మంచుకు గుర్తట. సరే. ఎడమవైపు పైమూలన బ్రిటన్ వాళ్ళ యూనియన్ జాక్. అదీ సరే. కుడివైపు ఉంది అసలు తంటా. నీలి అలలు, వాటి మీదుగా కిందికి దిగిన ఎర్ర త్రికోణం, అందులో మండుతున్న కాగడా, ఇదంతా ఒక డాలు. డాలు నెత్తిన ఓ తెరచాప ఓడ. డాలును ఒకపక్క బంగారు సింహం, ఇంకోపక్క పెంగ్విన్ పట్టుకుని నిలబడి ఉంటాయి. పెంగ్విన్ కాళ్ళ కింద మంచు, సింహం కాళ్ళ కింద పచ్చగడ్డి. ఆ మంచు ఎడారిలో గడ్డి ఎక్కడిదండీ? సింహం ఎక్కడిదండీ? ఈ దేశంలోనే జూలో తప్ప సింహం లేదు కదా, అక్కడికి ఏ వీసా మీద వెళ్ళింది? దానికి ప్రొబేషన్ ఎన్ని నెలలు? ఒక్క సంసారం లేదు, ఒక్క పుట్టుక లేదు, ఒక్క కూరగాయల బండి లేదు, ఆ చోటికి జెండా ఉంది! ఏవో కొన్ని రోజుల్లో దాన్ని లండన్‌లో ప్రభుత్వ భవనం మీద కూడా ఎగరేస్తారట! ఇక్కడ ఒంట్లో ప్రాణమున్న నేను నెలనెలా పన్ను కడుతూ, క్యూలో నిలబడుతూ, "సారీ" అన్నవాళ్ళకల్లా "సారీ" చెబుతూ ఉంటే నాకు మాత్రం సంతకం కావాలి! రోజూ డబ్బా తెరిచి అన్నం తింటూ ఆ సింహాన్ని తిట్టేవాణ్ణి. పెంగ్విన్‌ను తిట్టబుద్ధయ్యేది కాదు. అది కూడా నాలాగే అక్కడ నిలబెట్టారు కాబట్టి నిలబడినట్టుండేది.

కోపం ఎంతున్నా పని మాత్రం ఒళ్ళు దాచుకోకుండా చేశాను. మూడు వారాలు పట్టింది. సింహం జూలులో ప్రతి వెంట్రుకా గీశాను. పెంగ్విన్ మెడ కింద పసుపు ఎక్కడ మొదలై ఎక్కడ తెలుపులో కలిసిపోవాలో తెలియక నాలుగు రోజులు కళ్ళు కాయలు కాచేలా చూశాను. ఓడ తాళ్ళు లెక్కపెట్టి వేశాను. చివరికి పైమూలన యూనియన్ జాక్ మిగిలింది. రోజుకు వందసార్లు కనపడే బొమ్మ, దానికేముంది? పది నిమిషాల్లో అయిపోయింది. నోవర్రీస్ తెర మీద చూసి పెంగ్విన్‌ను మెచ్చుకున్నాడు. కుట్టుపని చూసే పెద్దావిడ అప్పుడు రెండు వారాల సెలవులో సముద్రపు ఒడ్డున ఉంది. తాత్కాలికంగా వచ్చిన ఇంకెవరో అంచులు కుట్టేశారు. శుక్రవారం సాయంత్రానికి జెండా బ్రౌన్ పేపరులో చుట్టి నా చేతికొచ్చింది. శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు థేమ్స్ ఒడ్డున ఒక పబ్బు తోటలో వాళ్ళ పండగ. "పొద్దున నువ్వే రైల్లో తీసుకెళ్ళి ఇచ్చెయ్. సోమవారం నీ కాగితాల సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు నోవర్రీస్. గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. పెద్దమ్మతో కూడా ఆ రోజు కాస్త మంచిగా మాట్లాడాను. "నేను మొదటినుంచి చివరిదాక ఒక్కణ్ణే చేసిన మొదటి పని పెద్దమ్మా ఇది" అని పొట్లం డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

శనివారం పొద్దున ఏడింటికి స్నానం చేసి కిందికి దిగేసరికి పొట్లం విప్పి ఉంది. జెండా చక్కగా మడతపెట్టి ఉంది. పక్కన స్టీలు గిన్నెలో తడిపిన పసుపు. పెద్దమ్మ చీర కొంగుకు వేళ్ళు తుడుచుకుంటోంది. నేను జెండా గభాలున విప్పాను. తెల్లటి మంచు మీద నాలుగు మూలలా, వేలెడంత పొడవున, నిగనిగలాడే పసుపు! మూడు మూలలకు పెట్టి నాలుగోది యూనియన్ జాక్ అని కూడా వదల్లేదు, దాని అంచుకూ పెట్టింది.

"ఏందిది!" అని నేను అరిచిన అరుపుకు మేడమీద పడుకున్న పెద్దబాపు బస్సు బ్రేకు వేసినట్టు లేచి కూర్చున్నాడట.

"గట్ల అరుస్తవేందిర? కొత్త బట్టకు పసుపు పెట్టకుంట గడప దాటిస్తరా? మొదటి పని అంటివి, మంచిగ జరగాలని పెట్టిన" అంది పెద్దమ్మ.

"అది బట్ట కాదు, జెండా! తెల్లగ ఉండాలె! తెలుపంటే మంచు!"

"తెల్లగనే ఉన్నది కద బిడ్డా. మూలలకే పెట్టిన."

నేను వినే స్థితిలో లేను. ఊరినుంచి తెచ్చుకున్న బట్టలసబ్బు బిళ్ళ తీసుకుని సింకులో జెండా మూల పడేశాను. పెద్దమ్మ కంగారుగా అడ్డొచ్చింది. "సబ్బు పెట్టకుర! ఎర్రగైతది!" "నాకు చెప్పకు!" అని రుద్దాను. ఆమె చెప్పినట్టే, కళ్ళముందే, పసుపు కాస్తా కుంకుమైంది. పసుపు ఉంటే ఎండ తగిలిందేమో అనుకునేవారు. ఇప్పుడు మంచుఖండంలో ఎవరో బలి ఇచ్చినట్టుంది. ఇంకా నీళ్ళు పోశాను, ఇంకా పాకింది. ఆ క్షణంలో నా ప్రొబేషన్, నా వీసా, మూడు వారాల పెంగ్విన్ మెడ, అన్నీ ఆ సింకు తూములోంచి పోతున్నట్టు కనిపించి, నా నోటికి ఎంతమాట వస్తే అంతమాట అనేశాను. "నీ పసుపులు నీ వంటింట్ల పెట్టుకో! ముప్పై ఏండ్లాయె ఈ దేశమొచ్చి, ఏం నేర్చుకున్నవ్? చదువు లేనోళ్ళతోని ఇదే తంటా!" అన్నాను.

పెద్దమ్మ పసుపు గిన్నె తీసుకుని వంటింటి గట్టు మీద పెట్టింది. మూత వెతికి మూత పెట్టింది. ఇప్పటికీ ఆ మూత చప్పుడు నాకు గుర్తే.

తడి జెండాను సంచీలో కుక్కుకుని షెడ్డుకు పరిగెత్తాను. శనివారాలు నోవర్రీస్ రాడు, ఒంటిపూట పనికి కుట్టు పెద్దావిడ ఒక్కతే వస్తుంది. మెడలో ఎర్రతాడుకు కత్తెర వేలాడదీసుకుని తిరుగుతుంది కాబట్టి నా లెక్కలో ఆవిడ కత్తెరమ్మ. సముద్రం నుంచి ముందురోజే తిరిగొచ్చింది, ముక్కు ఎండకు కాలి ఎర్రగా ఉంది. నేను రొప్పుతూ మొదలుపెట్టాను. మా పెద్దమ్మ, ఆమె చాదస్తం, పసుపు, సబ్బు, ఆమె వల్ల నా బతుకు ఎలా బుగ్గిపాలైందీ, అన్నీ ఐదు నిమిషాలపాటు ఆపకుండా చెప్పాను. కత్తెరమ్మ వింటూనే జెండాను బల్ల మీద పరిచింది. కళ్ళజోడు పెట్టుకుంది. పసుపు మూలల వైపు చూడనే లేదు. పైమూలన యూనియన్ జాక్ మీద వేలు పెట్టింది.

"ఇదెవరు గీశారు, లవ్?" (ఇక్కడి పెద్దవాళ్ళు 'లవ్' అంటే మన 'నాయనా' లాంటిది. మొదటిరోజు నేనూ కంగారుపడ్డాను.)

"నేనే" అన్నాను. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.

"నాలుగు మూలలూ ఒకేలా ఎందుకున్నాయి?"

"ఒకేలానే కదా ఉండాలి?"

ఆవిడ అలమారలోంచి ఒక అసలు యూనియన్ జాక్ తీసి పక్కన పరిచింది. "చూడు" అంది. చూశాను. రెండేళ్ళుగా టీ కప్పుల మీద, బస్సుల మీద, బిస్కెట్ డబ్బాల మీద చూస్తున్నదాన్ని మొదటిసారి నిజంగా చూశాను. ఏటవాలు ఎర్రపట్టీలు తెల్లపట్టీల మధ్యలో లేవు. కర్రవైపు సగంలో వెడల్పు తెలుపు ఎరుపుకు పైన ఉంటుంది, రెండో సగంలో కింద ఉంటుంది. తిరిగే చక్రం ఆకుల్లా నాలుగూ ఒకే దిక్కుకు ఒరిగి ఉంటాయి తప్ప ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు. నాదాంట్లో చూసుకుంటున్నాయి. గీతకు గీత, అద్దంలో చూసినట్టు. ఒక మూల గీసి మిగతా మూడు మూలలకూ తిప్పేశాను కదా మరి. ఎవరు నేర్పారు నాకలా? పుట్టినప్పటినుంచి గడప ముందు చూసి నేర్చుకున్నది. పెద్దమ్మ జెండాకు పసుపు పెట్టిందని ఇల్లెగిరేలా అరిచిన మొనగాణ్ణి, నేను ఏకంగా యూనియన్ జాక్‌కు ముగ్గు పెట్టాను!

"ఈ పసుపు పది అడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడదు. ఇది మాత్రం ఆ ముసలాళ్ళకు అరమైలు నుంచి కనపడుతుంది. ఈ జెండా బయటికెళ్ళి ఉంటే కంపెనీ పరువూ పోయేది, నీ కాగితాలూ పోయేవి" అంది కత్తెరమ్మ. కోపంగా కూడా అనలేదు. అది ఇంకా మండింది నాకు. కోప్పడితే తిరిగి కోప్పడొచ్చు కదా.

ఆ మూల మళ్ళీ గీశాను. ఈసారి నాలుగూ విడివిడిగా, ఆవిడ పక్కన నిలబడి వేలితో చూపిస్తుంటే. మెషీన్ కొత్త గుడ్డ మీద జెండా మొత్తం మళ్ళీ అచ్చువేసింది, ఆవిడ అంచులు కుట్టింది, తాడు ఎక్కించింది. పదకొండున్నరకు కొత్త పొట్లం నా చేతిలో పెట్టి, "నేనుగా ఎవరికీ చెప్పను. ఆ పసుపు పెట్టినావిడకు మాత్రం నువ్వు చెప్పాలి" అంది. చెబుతానన్నాను.

పబ్బు తోటలో జూన్ ఎండ కాస్తుంటే ఐదుగురు ముసలివాళ్ళు ఉన్ని టోపీలు, ముతక స్వెట్టర్లు వేసుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పండగ నడి చలికాలానిది కదా. ఆరో కుర్చీ ఖాళీగా ఉంది. ఏప్రిల్‌లో ఐదుగురమన్నాడు కదా, ఆరోది ఎవరికని అడిగితే, "ఏటా ఒకటి ఎక్కువే వేస్తాం. పోయినవాళ్ళలో ఒక్కోసారి ఒక్కొక్కరిది" అన్నాడు మంచుతాత. జెండా విప్పి, సింహాన్ని చూడలేదు, నేను నాలుగు రోజులు కళ్ళు పోగొట్టుకున్న పెంగ్విన్‌ను చూడలేదు. తిన్నగా పైమూలకు వెళ్ళి వేలితో ఏటవాలు పట్టీ తడిమాడు. "వెడల్పు తెలుపు పైకి. కరెక్ట్. అక్కడ ఒకసారి దీన్ని తలకిందులుగా ఎగరేశాను. మా కేంద్రం పెద్ద నన్ను ఆ చలికాలమంతా వదల్లేదు" అన్నాడు. నా వీపున చెమట దిగింది. స్వెట్టర్ కూడా లేదు నాకు. జెండా పైకెళ్ళింది. ఐదుగురూ టోపీలు తీశారు. ఒకాయన చెయ్యి కిందికి వేలాడుతూ వణుకుతోంది, పక్కాయన దాన్ని పట్టుకున్నాడు. మనుషులు లేని చోటికి జెండా ఎందుకని మూడు వారాలు తిట్టుకున్నాను కదా, ఆ చోటి మనుషులు వీళ్ళే. రెండు చలికాలాలుండి వచ్చిన చోటు వాళ్ళను ఇంకా వదల్లేదు. నేనూ చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ ఐదు నిమిషాలు నాకు ఎవరి మీదా కోపం లేదు. నా మీద తప్ప.

ఇంటికెళ్ళి పెద్దమ్మ కాళ్ళమీద పడాలని దారంతా అనుకున్నాను. తలుపు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే తనే అంది, "తప్పైంది బిడ్డా. నాకు ఎర్కలేదు. ఇంకెప్పుడు నీ వాటిని ముట్ట. ఉద్యోగం ఉన్నదా?" అని. అప్పుడు నేనేం చేశానో చెప్పాలంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "ఉన్నది. ఏదో తిప్పలవడి సర్దిన తియ్" అన్నాను. పెద్దమనసుతో క్షమించినవాడిలా అన్నాను! ఆమె కళ్ళొత్తుకుని అన్నం వడ్డించింది. మూడుసార్లు వడ్డించుకుని తిన్నాను. సోమవారం నోవర్రీస్ సంతకం పెట్టాడు. ఆ మచ్చల జెండాను నా సూట్‌కేసు అడుగున దాచాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉంటే రోజులు సంవత్సరాలయ్యాయి. ఎంత ఆలస్యమైతే నోరు అంత మూతపడింది.

పెద్దమ్మ అన్నమాట నిలబెట్టుకుంది. ఆ తర్వాత నా చొక్కాకు ఒక్కసారి పసుపు పెట్టలేదు. రెండేళ్ళకు కరీంనగర్‌లో నా పెళ్ళయింది. కొత్తబట్టలకు పసుపు పెట్టే వేళకు అందరూ "పెద్దమ్మే పెట్టాలె" అంటుంటే ఆమె వెనక్కి వెనక్కి జరిగి, అంతమంది చుట్టాల ముందు నా మొహం చూసి, "పెట్టొచ్చునా బిడ్డా?" అని అడిగింది. నేను ఏమన్నానో తెలుసా? "ఈసారికి పెట్టు" అన్నాను. ఈసారికి! తూ నా బతుకు!

మొన్న మే నెలలో, నార్తాంప్టన్‌లో మా ఇంటికి పెద్దమ్మ వారం రోజులుండటానికి వచ్చింది. ఇప్పుడు రిటైరైంది, మోకాళ్ళు నొప్పులు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. స్కూల్లో జెండాలు గీయమన్నారట. ఒకరోజు బడి నుంచి వచ్చి కాగితం టేబుల్ మీద పడేసి, "మిస్ సెడ్ ఇట్స్ రాంగ్, డాడ్. ఇట్స్ నాట్ సపోజ్డ్ టు మ్యాచ్" అంది. నాలుగు మూలలూ ఒకేలా ఉండకూడదట. చూద్దును కదా, కాగితం మడిచి ఒక మూల రంగు మిగతా మూడు మూలలకూ అద్దిన యూనియన్ జాక్. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. "పిల్లనేం అనకు బిడ్డా. నేనే చెప్పిన, గట్ల మలుస్తే నాలుగు పక్కల పడ్తదని. నాకేం ఎర్క, చదువు లేనిదాన్ని" అంది.

నా మాట. పదమూడేళ్ళ కిందటి నా మాట, ఎక్కడా మాసిపోకుండా ఆమె దగ్గర భద్రంగా ఉంది.

అటకెక్కి సూట్‌కేసు దింపాను. జెండా తెచ్చి టేబుల్ మీద పరిచాను. ఎర్రబడిన మచ్చలు మళ్ళీ లేత పసుపుకు తిరిగి ఉన్నాయి. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. కత్తెరమ్మ చెప్పమన్న సంగతి కూడా. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని పైమూలన నా ముగ్గును చాలాసేపు చూసింది.

"గిదే మంచిగున్నది కదర. అసలుదే వంకరున్నది" అంది. తర్వాత నెమ్మదిగా తలెత్తింది. "అంటే, ఆ దినం నేను పసుపు పెట్టకపోతే?"

"ఈ జెండానే పోయేది పెద్దమ్మా. నా ఉద్యోగం కూడ పోయేది."

"గది నాకు పదమూడేండ్లకు చెప్తవా?" మొదట చిన్నగానే అంది. అంతే, తర్వాత చూడాలి! "నీ లగ్గంల అందరి ముంగట అడుక్కున్న కదర, పసుపు పెట్టొచ్చునా అని! నా చేతులే మంచియి కావు అనుకున్న! నా అక్క కొడుకులు, చెల్లె కొడుకులు ఎవ్వలి బట్ట ముట్టలేదు ఇన్నేండ్లు! నువ్వేమో బువ్వ తిన్నవ్, సప్పుడు చెయ్యకుంట కూసున్నవ్!" పెద్దమ్మకు కోపం రావడం నేను జన్మలో చూడలేదు. కిటికీ అద్దాలు అదిరాయి. మా అమ్మాయి మెట్ల మీదకు పారిపోయింది, మా ఆవిడ వంటింట్లోంచి రానే లేదు. అగ్గిపెట్టె మా అమ్మ వైపు నుంచి వచ్చిన ఆస్తి అని ఆ రోజే తెలిసింది. నేను నిలబడి తిట్లన్నీ తిన్నాను. అవి తింటుంటే, చెబితే నమ్మరు, ఒక్కొక్క తిట్టుకూ ఒంట్లో ఏదో బరువు దిగుతున్నట్టుంది.

తిట్టి తిట్టి ఆయాసమొచ్చి ఆగింది. చీర కొంగు నడుముకు చుట్టి, "పసుపు ఎక్కడ పెట్టిన్రు మీ ఇంట్ల?" అని అడిగింది. గిన్నెలో తడుపుకుని మేడెక్కి నా అలమార తెరిచింది. "ఇది కొత్తదా? ఇది?" అంటూ ఒక్కొక్క చొక్కా కాలరు తిప్పి వేలితో పసుపు పెడుతూ వచ్చింది. ఐదేళ్ళ కిందటి చొక్కాకూ పెట్టింది. నీళ్ళు తగలకూడని కోటు లోపలి అంచుకూ పెట్టింది. మెడకు కట్టుకునే టైలను కూడా వదల్లేదు. నేను పక్కనే నిలబడి గిన్నె పట్టుకున్నాను.

ఇప్పుడు ఆఫీసులో వీడియో మీటింగు పెట్టినప్పుడల్లా తెరమూల నా కాలరు దగ్గర చిన్న పసుపు మచ్చ కనిపిస్తుంటుంది. ఎవరో ఒకరు "అది కూర మరకా?" అని అడుగుతారు. కాదంటాను. అప్పుడు స్లౌ రైలు కోసం పరిగెడుతూ లోకాన్నంతా తిట్టుకునే ఆ పాతికేళ్ళ అగ్గిపెట్టె గుర్తొస్తాడు. ఎక్కడైనా ఎదురుపడితే వాడి చెంప ఛెళ్ళుమనిపించాలని ఉంటుంది. కానీ వాడు వేసుకున్నది కొత్త చొక్కా అయితే మాత్రం, ముందు కాలరుకు కాస్త పసుపు పెట్టి, తర్వాతే కొడతాను.